పోస్టుమాష్టారు లేని బస్సు

గ్రీసులోని మా సెర్రెస్ ఊళ్లో ఎవంథియాకు తెలియని గుమ్మం లేదు. ముప్పై ఏళ్లు ఊరందరి పెళ్లిబట్టలూ కుట్టింది. ఓడెక్కడమంటే పడని భర్త పోయాక, డెబ్బై దాటిన వయసులో ఆమెకు తిరుగుడు పిచ్చి పట్టింది. ఒకటే ఇబ్బంది. దారిలో ఎక్కడ దిగినా ఎవరితోనో మాటల్లో పడి వేళకు బస్సెక్కదు.

కిందటేడు చర్చి తరఫున థాసోస్ దీవికి వెళ్తూ ఆమెను దారిలోనే వదిలేశారు. వదిలేసింది పోలిక్రోనిస్. రిటైరైన పోస్టుమాష్టరు, మా యాత్రలకు ఆయనే పెద్ద. నాలుగు నిమిషాలు ఆలస్యమైందని బస్సు కదిలించేశాడు. ఆమె దీవి చూడకుండానే ఇంటికి తిరిగొచ్చింది.

ఈ జూన్‌లో మళ్లీ బయల్దేరాం. ఆమె పక్క సీటు నాదే. ఎక్కీ ఎక్కగానే పోలిక్రోనిస్ మైకందుకున్నాడు.

"ఆగిన చోటల్లా పది నిమిషాలు. పదకొండోది లేదు. ఎవంథియమ్మా, వినపడిందా?"

"చెవులు బానే ఉన్నాయి మాష్టారూ, కాళ్లే కాస్త మొండివి."

మొదటి మజిలీలో ఆరు నిమిషాలకే వచ్చి కూర్చుంది. మేమంతా నోళ్లు తెరిచాం. తర్వాత సంచీ విప్పి చెర్రీపళ్లు తీసింది.

"తినండి మాష్టారూ, మా చెల్లెలి తోటవి."

ఆయన తిన్నాడు. అడిగి మరీ తిన్నాడు. దాదాపు కిలో ఖాళీ చేశాడు.

కవాలా ఊరు దాటాక రెండో మజిలీ. బస్సాగీ ఆగకముందే ఆయన కడుపు పట్టుకుని కాఫీ హోటలు వెనక్కి పరుగెత్తాడు. పది నిమిషాలైంది. మైకు ఎవంథియా చేతిలో ఉంది.

"టైమైంది. పదకొండోది లేదు. పోనీ నాయనా."

డ్రైవరు స్తైకోస్ నసిగాడు. "ఆయన్ని వదిలేసా?"

"రూలు ఆయనదేగా!"

ఆ రూలుతో ఏళ్లుగా విసిగినవాడేమో, గేరు వేశాడు. రేవుదాకా నవ్వులే నవ్వులు.

కెరమోతి రేవులో బస్సు ఓడలోకెక్కింది. అప్పుడు మాష్టారి సీటు మీద మందుల డబ్బా కనపడింది. ఎవంథియా ముఖం పాలిపోయింది. గబగబా దిగి, ఓడ నోటి దగ్గర పరిచిన ఇనుప వంతెన మీద చతికిలబడి బూటు విప్పింది.

"లేమ్మా, ఓడ కదలాలి!" అరిచాడు ఓడవాడు.

"రాయి దూరింది బాబూ. ముందు దాన్ని కదలనీ."

ఒక బూటు దులిపింది. రెండోదీ దులిపింది. మొదటిది మళ్లీ విప్పుతుంటే పుచ్చకాయల బండొకటి దుమ్ము లేపుకుంటూ వచ్చింది. కాయల మీద కూర్చుని, కోటు గుండీలన్నీ పెట్టుకుని ఉన్నాడు పోలిక్రోనిస్!

ఓడ సగం దూరం వెళ్లింది. ఆయన వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"చెర్రీలు కావాలనే పెట్టావు కదూ?"

"మొదటి గుప్పెడు కావాలనే. మిగతావి మీ కక్కుర్తి."

ఆయన పెదవులు బిగించాడు గానీ ఆపుకోలేక పకపకా నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి, "కిందటేడు నేను చేసింది తప్పేనమ్మా" అన్నాడు.

పచ్చగా, కొండలతో దీవి దగ్గరికొచ్చేసింది. ఆమె లేచి రెయిలింగు పట్టుకుని అలా చూస్తూ నిలబడిపోయింది. అంతసేపు ఎవంథియా నోరు మూసుకుని ఉండడం నేనెన్నడూ చూడలేదు.