తూర్పు పొగ

ఉదయం ఏడుంబావుకు బస్టాండు పక్క అంగడి నుంచి ఆఫీసుకు టీ వచ్చింది. ముందురోజు టపాలో వచ్చిన ఉత్తర్వును ఆ టీ తాగుతూ విప్పాను. జిల్లాలు విడిపోయిన మరుసటి ఏడు, మార్చి నెల. సత్యవేడు వైపు కొండల్లోని ఒక రేంజికి ఫారెస్ట్ రేంజ్ ఆఫీసరుగా బదిలీ అయి వచ్చి నాకు నెల దాటలేదు.

శ్రీహరికోట నుంచి రాకెట్టు ఎగిరే రోజుల్లో చెన్నై నుంచీ తిరుపతి నుంచీ జనం కార్లలో వచ్చి మా కొండలు ఎక్కేవారు. దొరికిన బండ మీద డేరా వేసి, మూడు రాళ్లు పేర్చి వంట చేసుకునేవారు. ఎండిన బోద గడ్డిలో ఒక్క నిప్పురవ్వ పడితే ఏమవుతుందో వాళ్లకు తెలియదు. వాళ్లను తరమడం కంటే ఒక చోటు చూపించడం మేలని డివిజన్ ఆఫీసు తలచింది. రాకెట్టు చూడడానికీ, రాత్రికి డేరాల్లో ఉండడానికీ పనికొచ్చే స్థలాన్ని ఎంచి నివేదిక పంపమని ఆ ఉత్తర్వు.

ఆ పనికి నాతో తిరిగినవాడు మునిరత్నం. డిప్యూటీ రేంజరు, అంటే రేంజరు తర్వాతి అధికారి. ఉద్యోగమంతా ఈ కొండల్లోనే చేశాడు. మూత్రపిండాలు చెడిపోయి, మంగళవారం, శుక్రవారం తిరుపతిలో డయాలసిస్ చేయించుకునేవాడు. సెలవు పెట్టమని చెప్పి చూశాను.

“ఇంట్లో కూసుంటే రోగం ఇంకా పెద్దదయిపోతాది సార్” అన్నాడు.

మా రేంజిలో ఒక ఆనవాయితీ ఉండేది. ఎండాకాలంలో వాచ్ టవర్ల మీద ఫైర్ వాచర్లు కాపలా ఉంటారు. పొగ కనబడితే ఏ దిక్కున లేచిందో వైర్‌లెస్‌లో చెబుతారు. దగ్గరున్న బీట్ ఆఫీసరు మనుషులను తీసుకుని పరిగెత్తి, పచ్చికొమ్మలతో కొట్టి మంటను ఆర్పుతాడు. రాకెట్టు ఎగిరినప్పుడు తూర్పున తెల్లటి పొగ నిటారుగా లేస్తుంది. కొత్త వాచరు దాన్ని అడవి మంట అనుకుంటాడు. ఎర్రటి ఎండలో మనుషులు అనవసరంగా కొండలు దాటి పరిగెత్తుతారు. అందుకని ప్రయోగానికి కాస్త ముందు మునిరత్నం ఆఫీసులోని వైర్‌లెస్ సెట్ దగ్గర కూర్చుని అన్ని టవర్లకూ చెప్పేవాడు. తూర్పున పొగ లేస్తుంది, అది అడవి కాదు, ఎవరూ కదలొద్దు అని. ఈ కబురుకు మా వాళ్లు ‘తూర్పు పొగ’ అని పేరు పెట్టుకున్నారు.

అది ఎలా మొదలైందో అతని భార్య వసంతమ్మ చెప్పింది. వాళ్ల క్వార్టరు ఆఫీసు పక్కనే. మజ్జిగ ఇస్తూ, నవ్వు ఆపుకుంటూ మొదలుపెట్టింది.

“రాకెట్టును ఆర్పేదానికి పోయినోడు సార్ మా ఇంటాయన! ఉద్యోగంలో సేరిన కొత్తల్లో. పచ్చికొమ్మలు ఇరుసుకోని, వాచర్లను ఎంటబెట్టుకోని కొండలన్నీ దాటినాడంట. మా పెండ్లిలో ఈ కత సెప్పి నగనోళ్లు లేరు.”

“పొగ పొగే గదమ్మే. దాని మీద పేరు రాసుంటాదా?” అన్నాడు మునిరత్నం.

స్థలం కోసం మేము చాలా చోట్లకు వెళ్లాం. వీటిలో మూడు చెప్పుకోదగ్గవి. మొదటిది అన్నిటికంటే ఎత్తయిన బండ. తూర్పున అడ్డేమీ లేదు. గాలి తేటగా ఉంటే తీరం దాకా కనబడుతుంది. రాకెట్టు నేలను విడిచే క్షణంలో మంట కూడా అక్కడి నుంచి తెలుస్తుంది. కానీ పైకి కాలిబాటే ఉంది, అది కూడా నిలువుగా ఉంటుంది. రెండోది నీలగిరి ప్లాంటేషన్ పక్క మైదానం. డేరాలకు అనువైనది, కానీ చెట్లు పెరిగి తూర్పును మూసేశాయి. మూడోది చెక్‌డ్యామ్ పైన, ఫైర్ లైన్ ముగిసే చోటు. మంట ఒకవైపు నుంచి ఇంకోవైపుకు పాకకుండా గడ్డీ పొదా తీసి ఉంచే పట్టీని ఫైర్ లైన్ అంటారు. అక్కడి దాకా జీపు వస్తుంది. నీళ్లున్నాయి. లోపం ఒకటే. ఎదురుగా చిన్న గుట్ట ఉండడం వల్ల, రాకెట్టు దాన్ని దాటి పైకి వచ్చాకే కనిపిస్తుంది.

నేను బండనే రాద్దామన్నాను. ప్రయోగం చూడడానికి వచ్చినవాళ్లకు మొదటి క్షణమే కనబడకపోతే ఎలా అని నా వాదన. మునిరత్నం ఆయాసం తీరేదాకా చెక్‌డ్యామ్ గోడ మీద కూర్చున్నాడు.

“ఆ బండ కాళ్లున్నోళ్లకు సార్. ముసిలోళ్లు యాడ ఎక్కుతారు? రోగమొచ్చినోళ్లు యాడ ఎక్కుతారు? ఈడయితే జీపు దిగి నిలబడితే సాలు.”

తర్వాత తన సంగతి చెప్పాడు. ఆఫీసు కొండకు పడమర పల్లంలో ఉంది. ప్రతి ప్రయోగానికీ అతను ఆ గదిలో, సెట్ ముందు ఉండేవాడు. ఆ తొలి పరుగు తర్వాత ఒక్క రాకెట్టునూ నిలబడి చూడలేదు. అతను లేకుండా వసంతమ్మ వెళ్లేది కాదు.

“ఒక్కసారి ఇద్దరమూ నిలబడి సూడల్ల సార్. ఆ పొద్దు తూర్పు పొగ మాట మీరు సెప్పండి.”

రిటైరయ్యాక తీరిగ్గా చూడొచ్చు కదా అన్నాను. అతను డయాలసిస్ సూదులకు వాచిన చేతిని ఒడిలోకి తీసుకున్నాడు.

నివేదికలో మూడో చోటునే రాశాను. డేరాలకు చదును చేసిన మడులు, వంటకు ఒకే ఒక సిమెంటు దిమ్మె, దాని పక్కన ఇసుక బకెట్లు, ఇంకెక్కడా పొయ్యి వెలిగించకూడదన్న షరతు. అనుమతి వచ్చింది. ఏప్రిల్‌లో ఒక ఆదివారం సాయంత్రం ప్రయోగం ఉందన్నారు. ఆదివారం డయాలసిస్ లేదు. వసంతమ్మ పులిహోర కలిపింది. జీపు ఎక్కబోతుండగా ప్రయోగం వాయిదా పడిందని తెలిసింది. తర్వాతి తేదీ మంగళవారం. ఆస్పత్రిలో రోజు మార్చమని అడిగి చూశాడు, కుదరదన్నారు.

“రాకెట్టు యాడికి పోతాది సార్? మళ్లా వస్తాదిలే” అన్నాడు.

మంగళవారం సెట్ దగ్గర నేను కూర్చున్నాను. ప్రయోగానికి ముందు తిరుపతి నుంచి ఫోన్ చేశాడు, మాట చెప్పారా అని అడిగాడు. చెప్పానన్నాను. రాకెట్టు గురించి ఏమీ అడగలేదు.

జూన్‌లో మునిరత్నం చనిపోయాడు.

ఆ తర్వాత మళ్లీ మంటల కాలంలో ప్రయోగం వచ్చింది మరుసటి ఏడు ఫిబ్రవరిలో. నా ఉద్యోగానికి అది చివరి ఎండాకాలం. వసంతమ్మ క్వార్టరు ఖాళీ చేసి, కార్వేటినగరంలో తమ్ముడి ఇంట్లో ఉంటోంది. కబురు చేస్తే వస్తుందని అనుకోలేదు. వచ్చింది. చెక్‌డ్యామ్ పైన అప్పటికే చాలా డేరాలు వేసి ఉన్నాయి. ఆమెకు మోకాళ్ల నొప్పులు. జీపు దిగి నాలుగడుగులు వేసి కుర్చీలో కూర్చుంది.

ఈసారి చేతి సెట్ వెంట తెచ్చుకున్నాను. సమయం దగ్గర పడగానే టవర్లకు చెప్పాను. ఇంకాసేపట్లో తూర్పున పొగ లేస్తుంది. అది అడవి కాదు. ఎవరూ కదలొద్దు.

“కడాకు ఒక మాట ఇడిసిపెట్టినారు సార్” అంది వసంతమ్మ.

ఏమిటని అడిగాను.

“నిలబడి సూడండప్పా అంటాడు ఆయప్ప. అన్నేండ్లూ గోడకివతల ఇంటానే ఉన్నా కదా.”

మునిరత్నం నాకు ఆ మాట చెప్పలేదు. సెట్ మళ్లీ నొక్కి, నిలబడి చూడండి అని చెప్పాను. ఒక టవర్ నుంచి పాత వాచరు ఒకతను “సరే సార్” అన్నాడు. మామూలుగా ఎవరూ బదులివ్వరు.

జనం కేకలు వేశారు. గుట్ట వెనక వెలుగు తెలిసింది, తర్వాత రాకెట్టు పైకి వచ్చింది. వసంతమ్మ కుర్చీ చేతులు పట్టుకుని లేచి, అది కనుమరుగయ్యేదాకా నిలబడింది. మంట పోయింది, పొగ మిగిలింది. గాలి మావైపు ఉండడంతో చాలాసేపటికి ఉరుము లాంటి చప్పుడు సన్నగా వచ్చింది. అప్పటికి ఆకాశంలో చూడడానికేమీ లేదు.

“దీన్నేనా సార్ ఆర్పేదానికి పోయింది” అంది. నవ్వింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయింది. డేరాల వాళ్లు సర్దుకుని వెళ్లేదాకా మేము అక్కడే ఉన్నాం.

స్థలాలు ఎంచే పనిలో ఈ సంగతి నాకు ఒకటి నేర్పింది. బాగా కనబడే చోటు వేరు, మనిషిని తీసుకుపోగలిగే చోటు వేరు. రెండూ ఒకటి కానప్పుడు రెండోదాన్నే రాయాలి. దానివల్ల పోయేది ఆ మొదటి క్షణమే.

ఇప్పుడు మంటల సమాచారం ఉపగ్రహం నుంచి నేరుగా బీట్ ఆఫీసరు ఫోన్‌కు వస్తుంది. మా టవర్ల మీద వాచర్లను పెట్టడం లేదు. ఆఫీసులోని సెట్‌ను డివిజన్ స్టోర్స్‌కు అప్పగించారు. ప్రయోగం రోజున తూర్పు పొగ మాట ఇప్పుడు ఎవరూ చెప్పడం లేదు.