ఆరిన పుట్టీ మీద ఉస్తాద్ వేళ్ళు

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. మా ఆవిడ తాయెత్తు కడతానంటే, ముందు షెడ్డు కరెంటు మీటరుకి కట్టు, కాస్త నెమ్మదిగా తిరుగుతుందేమో అని నవ్వేవాణ్ణి. ఇప్పుడు కూడా నమ్ముతున్నానని చెప్పడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, ఎక్కడ తప్పు లెక్క వేశానో మీకు తెలిస్తే చెప్పండి.

నా పేరు బాజీ. నరసరావుపేటలో వినుకొండ రోడ్డు వైపు మాకు కార్ల షెడ్డు ఉంది. మాకు అంటే నాకూ సీనుకీ. డెంటింగ్, సొట్టల మీద పూసే పుట్టీ, పెయింటు నావి. వెల్డింగు, సైలెన్సరు, బండి కింద పని మొత్తం వాడిది. షెడ్డు మా చేతికి వచ్చాకే పదహారేళ్ళు ఒకే షట్టరు కింద బతికాం. వాడి కూతురికి చెవులు కుట్టించిన రోజు, మేనమామ లేడని నా ఒళ్ళోనే కూర్చోబెట్టారు.

మా ఇద్దరికీ పని నేర్పింది ఒక్కడే, ఉస్తాద్ మీరా సాహెబ్. మేము కుర్రతనంలో నీ పని వంకరంటే నీ పని వంకరని కొట్టుకుంటుంటే విసుగెత్తి ఒక కట్టుబాటు పెట్టాడు. పైపని చేసేవాడు కిందికి తొంగి చూడకూడదు, కింద పని చేసేవాడు పైపనికి వంక పెట్టకూడదు. షెడ్డు మా చేతికి వచ్చాక కూడా మేము దాన్ని దాటలేదు. సీను కింద ఏం చేశాడో నేను వంగి చూసిందే లేదు. అదే నేను చేసిన తప్పని ఇప్పుడు తెలుస్తోంది.

ఉస్తాద్ గురించి ఇంకో సంగతి చెప్పాలి. ఆయన ఎవరినీ తిట్టేవాడు కాదు. పని నచ్చకపోతే, తడిగా ఉన్న పుట్టీ మీద రెండు వేళ్ళతో ఏటవాలుగా ఒక గీత లాగి వెళ్ళిపోయేవాడు. అంటే మొత్తం గీకేసి, అడుగు నుంచి మళ్ళీ చెయ్యమని. ఆయన చూపుడు వేలు కొస గ్రైండరులో పోయింది. అందుకని ఆయన గీస్తే ఒక గీత నిండుగా, పక్కది పొట్టిగా, కొంచెం వంకరగా పడేది. ఆ గుర్తు ఇంకెవరి చేతికీ రాదు. ఆయన పోయి నాలుగేళ్ళయింది. జనాజా మోసిన వాళ్ళలో నేనున్నాను, సీను కూడా ఉన్నాడు.

పోయిన ఏడాది మాచవరం వైపు నుంచి కార్తీక్ అనే అతను ఎర్ర స్పోర్ట్స్ కారు తెచ్చాడు. రెండు తలుపులది, సెకండ్ హ్యాండుది. మిర్చి పండించే కుటుంబం వాళ్ళది. చిన్నప్పటి నుంచి అలాంటి కారు కోసం కలలు కన్నాడట. బండిని చూపించి కొనిపించింది సీనే.

స్టీలు సైలెన్సరు వేయాలి, చప్పుడు గంభీరంగా ఉండాలి కానీ చెవులు పగలకూడదు. వెనక బంపరు కోసి రెండు గొట్టాలు అంచుకి సరిగ్గా కూర్చోవాలి. వెనక చక్రాల మీద బాడీ వెడల్పు చేసి, ఆ వంపు తలుపు కింద దాకా సాఫీగా రావాలి. కంపెనీ గుర్తులు పీకేసి, వాటి బెజ్జాలు ఉన్నట్టు కూడా తెలియకూడదు. ఇవీ అతను అడిగినవి. నాకు అలాంటి పని అంటే ప్రాణం. చెయ్యి పెట్టి తడిమితే ఎక్కడ మొదలైందో తెలియనివ్వను. ఆ గర్వం నాకుంది, దాచుకోను.

ఆదివారం పొద్దున భార్యనీ మూడేళ్ళ పాపనీ ఎక్కించుకుని విజయవాడ వెళ్తానన్నాడు. పాపకి వెనక చిన్న సీటు బిగించమని కూడా చెప్పాడు.

సీను సైలెన్సరు పని ముగించాడు. నేను శుక్రవారం పొద్దున ఎడమ తలుపు కింద పుట్టీ పెట్టి, ఆరాక గరుకు నీళ్ళ కాగితంతో రుద్ది, అద్దంలా చేశాను. ఒంటిగంటకి షట్టరు వేసి నమాజుకి వెళ్ళాను. సీను అప్పటికే భోజనానికి ఇంటికి వెళ్ళాడు.

తిరిగి వచ్చి చూస్తే పుట్టీ మీద రెండు గీతలు. ఒకటి నిండుగా, ఒకటి పొట్టిగా. ఆరిన పుట్టీని గీకితే పొడి రాలుతుంది. ఇక్కడ పొడి లేదు. గీతల అంచులు మెత్తటి పుట్టీని వేలితో తోసినట్టు పైకి లేచి ఉన్నాయి. రెండు గంటల ముందే ఆరిపోయిన పుట్టీ అది.

నాకు భయం వేయలేదు, ఒళ్ళు మండింది. సీనే ఎకసెక్కానికి చేశాడనుకున్నాను, వాడి దగ్గర ఇంకో తాళం చెవి ఉంది. వాడు రాగానే, "ఏందిరా ఈ చెత్త పని?" అన్నాను. వాడు గీతల వైపు చూశాడు. మొహం పాలిపోయింది.

"నేను గాదన్నా," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఎందుకు దాన్ని అట్టా చూస్తా కూర్చుంటావు? పూసెయ్, ఆదివారం బండి ఇయ్యాల," అన్నాడు.

పూశాను. సాయంత్రానికి ప్రైమరు కూడా కొట్టాను. శనివారం పొద్దున షట్టరు తీసేసరికి ప్రైమరు మీద అవే గీతలు, అదే చోట. ఈసారి సీనుని ఏమీ అనలేదు. వాడి తాళం చెవి అడిగి తీసుకుని నా జేబులో వేసుకున్నాను. మళ్ళీ నింపి, రుద్ది, రంగు కొట్టి, మెరుపు కోసం పైన క్లియర్ కొట్టాను. పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని, మధ్యాహ్నం అన్నం కూడా అక్కడే తిన్నాను. నా కళ్ళ ముందు ఎవరూ దాని దగ్గరికి రాలేదు.

మూడు గంటలప్పుడు పాలిష్ మిషను తిప్పుతుంటే గీతలు కనపడ్డాయి. గోటితో గీకి చూశాను, తగల్లేదు. పైన క్లియర్ నున్నగా ఉంది. గీతలు దాని లోపల, ఎర్ర రంగులో ఉన్నాయి. పైపొర చెదరకుండా లోపలి పొర మీద వేలు ఎలా ఆడుతుందో, ముప్పయ్యేళ్ళుగా రంగు కొడుతున్న నాకే తెలియదు. ఫోన్లో ఫోటో తీశాను, ఇప్పటికీ ఉంది. గుంటూరులో ఇద్దరు పెయింటర్లకి చూపిస్తే, అడుగు పుట్టీ కుంగి ఉంటుందన్నారు. కుంగితే గీత పుట్టీ అంచు వెంట రావాలి. ఇవి ఏటవాలుగా, దానికి అడ్డంగా ఉన్నాయి.

అప్పుడు నేను ఉస్తాద్ చెప్పినట్టే చేశాను. గ్రైండరు తీసుకుని అడుగు దాకా గీకేశాను.

నా పుట్టీ కింద ఇంకో పుట్టీ ఉంది, నేను వాడని రకం, వేలెడు మందం. దాని కింద వెల్డింగు. ఒక తలుపు కింద నుంచి బండి అడుగంతా దాటుకుంటూ అవతలి తలుపు కింద దాకా. మొదటిసారి బండి కిందికి దూరి పడుకుని చూశాను. ముందు సగం ఒక కారుది, వెనక సగం ఇంకో కారుది. అతుకు సరిగ్గా పాప కూర్చునే సీటు ముందు నుంచి పోతోంది. రెండు చోట్ల వెంట్రుకంత చీలిక కూడా వచ్చి ఉంది.

గీతలు చూసినప్పుడు వెయ్యని భయం ఆ వెల్డింగు చూసినప్పుడు వేసింది. చిన్న చిన్న పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కే ఆ కుట్టు నేను కళ్ళు మూసుకుని తడిమినా గుర్తుపడతాను. పదహారేళ్ళు దాని మీదే రంగు కొట్టాను.

సీను వచ్చి, రాలిన పుట్టీని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఎందుకు కోశావన్నా?"

"ఎక్కడ అతికావురా దీన్ని?"

చిలకలూరిపేటలో వేరే వాళ్ళ షెడ్డులో అని ఒప్పుకున్నాడు. గుద్దుకున్న కార్లు రెండు తెచ్చి ఒకటి చేశాడట. పైకి మామూలు రంగు కొట్టించి, కార్తీక్‌కి అంటగట్టి, ఫినిషింగుకి నా దగ్గరికి తెచ్చాడు.

"నువ్వు పూస్తే ఇంక ఎవడూ కనిపెట్టలేడనుకున్నా. నీ చెయ్యి మీద చానా నమ్మకం అన్నా నాకు," అన్నాడు.

కొట్టాలనిపించింది, చెయ్యి లేవలేదు. ఇన్నేళ్ళూ నా పనితనాన్ని ఎవరు మెచ్చుకున్నా, వాళ్ళకంటే ముందు వాడు మెచ్చుకునేవాడు. ఆ మెప్పు దేనికో అప్పుడు అర్థమైంది. నాకు ఏడుపొచ్చింది, వాడి ముందే ఏడ్చాను.

"పాప కూర్చుంటదిరా అందులో," అన్నాను.

కార్తీక్‌కి ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పాను. గంటన్నరలో వచ్చాడు. కిందికి వంగి, ఆ చీలికల మీద వేలు పెట్టి చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఇద్దరూ కలిసే చేశారు గదా బాజీ భాయ్? ఇప్పుడు మీలో మీకు చెడి బయటపెట్టావు," అన్నాడు. కాదని ఒట్టు వేశాను, నమ్మలేదు. బండిని లారీ మీద ఎక్కించుకుని తీసుకుపోయాడు. అతని చోట నేనున్నా నమ్మేవాణ్ణి కాదు. మా ఆవిడ మటుకు, పాప బతికింది, అది చాలు అంది.

సీను ఆ సాయంత్రమే తన మిషన్లు సర్దుకున్నాడు. వెళ్ళేముందు ఒకటే అడిగాను, "ఇదొక్కటేనా?" అని. సామాను ఆటోలో పెడుతూనే ఉన్నాడు, వినపడనట్టు. మళ్ళీ అడిగాను. ఆటో ఎక్కి కూర్చుని పోనిమ్మన్నాడు.

ఆ గీతలు ఎవరు గీశారో, ఎలా గీశారో ఈ రోజుకీ నాకు తేలలేదు. ఉస్తాదే అయితే ఆయన మీద కూడా నాకు కోపంగా ఉంది. ఆ ఒక్క బండికే ఎందుకు వచ్చాడు? అంతకు ముందు సీను ఇచ్చినవి నేను గుడ్డిగా పూసుకుంటూ పోయినప్పుడు ఎందుకు ఊరుకున్నాడు? గురజాల వెళ్ళినా, మాచర్ల వెళ్ళినా, నేను రంగు కొట్టిన బళ్ళు ఎదురవుతుంటాయి. లోపల పిల్లలు అద్దానికి మొహం ఆనించి కూర్చుని ఉంటారు. ఆపి చూద్దామంటే, అతుకు ఎక్కడుందో నాక్కూడా తెలియనంత బాగా చేశాను.