మూల చిరిగిన కార్డు

ఈ మధ్యాహ్నం నేను బడి నుంచి అన్నానికి ఇంటికి వచ్చేసరికి, మా చండ్రుగొండ పోస్ట్‌మన్ ముత్తయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"అన్నం తిన్నరా సారూ?"

"ఇంకా లేదు. ఉత్తరం ఉందా?"

"ముందుగాల తినుండ్రి. జల్దేం లేదు."

నాకు ఒళ్లు మండింది. అతను కదల్లేదు. గబగబా నాలుగు ముద్దలు మింగి వచ్చాక, తల దించుకుని ఒక పోస్టుకార్డు చేతిలో పెట్టాడు. దాని మూల చిరిగి ఉంది. మా వైపు మూల చింపిన కార్డు వచ్చిందంటే చావు కబురే. పైగా దీని మీద ఒక మనిషి ఫొటో కూడా అంటించి ఉంది. కింద రాసిన ఇంగ్లీషు ముత్తయ్యకు రాదు.

ఆ ఫొటో అంటించింది నేనే. పాత ఫుట్‌బాల్ ఆటగాళ్ల ఫొటోలు పేపర్లోంచి కత్తిరించి, జవాబు కార్డుకు అంటించి, సంతకం కోసం వాళ్లకు పంపడం నా పిచ్చి. ఈయన, నా చిన్నప్పుడు రేడియో కామెంటరీలో పేరు విన్న గోల్‌కీపర్. వణికిన సంతకం కింద ఇలా రాశారు: "క్షమించండి, మూల మా మనవరాలు కొరికేసింది."

చదివి చెప్పాను.

"అయితే పెద్దాయన బతికే ఉన్నడా?"

"ఉన్నాడు."

"మంచిగైంది. నాకు గూడ ఇంత పెట్టుండ్రి సారూ. ఈ కార్డు సూసినకాంచి ముద్ద దిగలే."

తిన్నాక, గోల్‌కీపర్ సంతకం పక్కనే ముత్తయ్య చేత కూడా ఒక సంతకం పెట్టించుకున్నాను. కార్డు పాడుచేశానంటారా?