సంచుల దగ్గర ఎవరుంటారు?

ఉమాపతి గారికి చుట్ట లేదు, పేకాట లేదు, ఒకళ్ళ జోలికి వెళ్ళడం అసలే లేదు. ఉన్నదల్లా ఒకటే జబ్బు. ఏలూరులో ఎవరు పిల్లల్ని తీసుకుని పార్కులకి బయల్దేరినా, "సంచుల దగ్గర ఎవరుంటారండీ?" అని అడుగుతారు. ఆ సంగతి తేలేదాకా రెండో ముక్క మాట్లాడరు.

మాట్లాడకపోతే పోయారులే అనుకోవడానికి లేదు. పార్కుల విషయంలో పవర్‌పేట మొత్తానికి ఆయనే పెద్దదిక్కు. తాడేపల్లిగూడెం స్టేషన్లో ఎంక్వైరీ కిటికీ వెనకాల ముప్పై ఒక్క ఏళ్ళు కూర్చుని, పాసింజరు ఎంత లేటో, సర్కారు ఎక్స్‌ప్రెస్ ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో లక్షలమందికి చెప్పి రిటైరయ్యారు. ఆ మర్నాటి నుంచి ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. పెళ్ళి చేసుకోలేదు కాబట్టి, ఉప్పు సరిపోయిందా అని అడిగే మనిషైనా ఇంట్లో లేరు. ఆర్నెల్లు గోడకేసి చూసి, ఆయన పార్కుల మీద పడ్డారు. ఏ రైడుకి పిల్లలు ఎంత ఎత్తుండాలి, ఏ క్యూ ఎన్నింటికి పలచబడుతుంది, ఏ గేటు దగ్గర పులిహోర డబ్బా ఆపేస్తారు, అన్నీ ఒక పాత రైల్వే రిజిస్టరులోకి ఎక్కించారు. ఆయన మాత్రం ఒక్క పార్కు గుమ్మమైనా తొక్కినట్టు ఎవరూ వినలేదు.

ఈ రిజిస్టరు నిండేది వెళ్ళొచ్చినవాళ్ళ నోటి మాటలతోనే. కైకలూరులో ఐసు వ్యాపారం చేసే నాగదుర్గారావు ఓసారి హైదరాబాదు నుంచి దిగి, ఉత్సాహం పట్టలేక ఫోన్ చేశాడు.

"తలకిందులుగా తిప్పేశాడండీ! గుండె నోట్లోకొచ్చేసిందంటే నమ్మండి!"

"అది సరేనండీ. బెంచీ ఎక్కడుంది?"

"ఏం బెంచీ అండీ?"

"మీ ఆవిడ గారు కూర్చున్న బెంచీ."

"నేను చూళ్ళేదండీ."

"అయితే ఫోన్ ఆవిడకివ్వండి."

నాగమణి పావుగంట మాట్లాడింది. నీడ పన్నెండింటిదాకానే, తర్వాత ఎండ మొహాన కొడుతుంది, మంచినీళ్ళ కుళాయి ఎడంపక్క. నాగదుర్గారావు ఆ రోజే కైకలూరంతా చెప్పేశాడు, రిటైరయ్యాక పాపం ఆయనకి బుర్ర కొంచెం కదిలిందని.

పక్కింటి వీణ కూడా ఇంచుమించు అలాగే అనుకునేది. ఆవిడ ఏలూరులోనే ఒక స్కూల్లో లెక్కలు చెబుతుంది. ఆవిడకీ ఒక కథ ఉంది. పదో తరగతిలో అరకు విహారయాత్రకి వెళ్తూ, ఘాటు రోడ్డు మీద ఒకే ఒక్కసారి వాంతి చేసుకుంది. ఆ ఒక్క వాంతి పాతికేళ్ళుగా నడుస్తోంది. పుట్టింటివాళ్ళు "దానికి తల తిరుగుతుంది" అన్నారు, ఆ మాట పెళ్ళి సామానుతోపాటు అత్తవారింటికీ వచ్చేసింది. అప్పట్నుంచీ ఎక్కడికెళ్ళినా సంచుల దగ్గర వీణే.

నాలుగేళ్ళ కిందట వైజాగులో ఒక పార్కు బెంచీ మీద రెండున్నర గంటలు కూర్చుంది. అందరికీ వైజాగంటే సముద్రం గుర్తొస్తుంది. వీణకి మాత్రం బెంచీకి ఎదురుగా నోరు తెరుచుకుని నిలబడ్డ పెంగ్విన్ చెత్తబుట్ట గుర్తొస్తుంది. దాని పొట్ట మీద "నన్ను వాడండి" అని రాసుంది. ఆ రెండున్నర గంటల్లో ఆవిడతో మాట్లాడింది అదొక్కటే. వచ్చాక "బాగుందా?" అని అందరూ అందర్నీ అడిగారు గానీ, వీణని ఎవరూ అడగలేదు. సంచులు మాత్రం లెక్క సరిపోయాయి.

అందుకే ఈసారి దసరా సెలవుల్లో హైదరాబాదు అనగానే ఆవిడకి సంతోషం కంటే బెంగే ముందొచ్చింది. ఉన్నవి రెండు రోజులు, చూడాల్సినవి మూడు పార్కులు. ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో తేల్చుకోవడానికి ఇంటిల్లిపాదీ ఉమాపతి గారి వరండాలో కూర్చున్నారు.

"సంచుల దగ్గర ఎవరుంటారండీ?"

"అమ్మ!" అంది పదకొండేళ్ళ మనస్వి.

"వీణేనండీ," అన్నాడు భర్త హర్షవర్ధన్.

"మా కోడలికి పడదండీ," అన్నారు అత్తగారు శాంతకుమారి. అరవై ఆరేళ్ళావిడ, గిర్రున తిరిగేది ఏదైనా సరే, మొదటి సీటు ఆవిడదే.

ఉమాపతి గారు కళ్ళజోడు పైకి తోసి వీణకేసి చూశారు. రిజిస్టరు తిప్పారు. తిప్పి తిప్పి, హర్షవర్ధన్ ఏడాదిగా కలలు గంటున్న పెద్ద రోలర్ కోస్టర్ పార్కుని పెన్సిలుతో అడ్డంగా కొట్టేశారు.

"అదేంటండీ! దాని కోసమే కదా వెళ్ళేది!"

"బెంచీలు రైడుకి వెనకవైపున్నాయి. మనుషులు కనపడరు. వద్దండీ."

"బెంచీలు చూసుకోడానికి హైదరాబాదు ఎందుకండీ?" అన్నారు శాంతకుమారి గారు. "ఇక్కడ స్టేషన్లో బోలెడున్నాయి."

"వెళ్ళేది ముగ్గురు కాదు కదండీ, నలుగురు," అన్నారాయన, మెత్తగానే. మొదటి రోజు నీళ్ళ పార్కు, రెండో రోజు సినిమా సెట్టింగుల పార్కు అని, ఏ రైడు ఎన్నింటికో కూడా వేసి ఛార్టు రాసిచ్చి, తన రిజిస్టరులో వీణ ఫోన్ నంబరు రాసుకున్నారు. దారిలో హర్షవర్ధన్ సణుగుతూనే ఉన్నాడు.

నీళ్ళ పార్కులో పదకొండున్నరకి ముగ్గురూ "ఇప్పుడే వచ్చేస్తాం" అని వెళ్ళిపోయారు. బెంచీ చెట్టు కింద ఉంది, ఎదురుగా జారుడు గొట్టాలు కనిపిస్తున్నాయి. పక్కన చెత్తబుట్ట, ఈసారి కప్ప ఆకారంలో. వీణ నాలుగు సంచులూ కాళ్ళ దగ్గరికి లాక్కుని, కప్పకేసి చూసింది. చుట్టూ వేలమంది కేకలేస్తున్నారు. వాళ్ళలో ఒక్కరికి కూడా తనతో పని లేదు.

ఫోన్ మోగింది.

"నేనండీ, ఉమాపతిని. సంచులు నాలుగూ ఉన్నాయా?"

"ఉన్నాయండీ."

"లెక్కపెట్టి చెప్పండి."

ఈయనకిదేం చాదస్తం అనుకుంటూ లెక్కపెట్టింది. "నాలుగండీ."

"చేగోడీలు లోపలికి రానిచ్చారా?"

"మీరు చెప్పినట్టే తువ్వాల్లో చుట్టానండీ. వచ్చేశాయి."

"మరి తీయండి. నేనూ ఇక్కడ పళ్ళెంలో పెట్టుకు కూర్చున్నా."

ఏలూరులో కరకర, హైదరాబాదులో కరకర. నీలం గొట్టంలోంచి శాంతకుమారి గారు చీర కొంగు బొడ్డులో దోపుకుని జారిపడటం వీణ చూసి చెప్పింది. ఆయన పగలబడి నవ్వి, రిజిస్టరులో రాసుకుంటున్నానన్నారు.

"ఒక్క మాట అడగనా అండీ? మీకు నిజంగా తల తిరుగుతుందా?"

పాతికేళ్ళలో ఇది ఎవరూ అడగని ప్రశ్న. "తెలీదండీ," అంది వీణ. "ఎక్కితే కదా తెలిసేది."

"ఒక్క నిమిషం ఉండండి, మా తాడేపల్లిగూడెం వాళ్ళు బెంగుళూరులో ఒక పార్కులో ఉన్నారు. కలుపుతాను." ఏదో టిక్కుమంది. "మంగాదేవి గారూ, ఈవిడ మా పక్కింటి వీణ గారు. నాలుగు సంచులు."

"నాయి ఆరండీ," అంది ఒక గొంతు. "ఇందులో రెండు తడి తువ్వాళ్ళే. మీకిదే మొదటిసారా అండీ? నాకు మూడో ఏడు. మా వాళ్ళు అటు ఎక్కగానే ఇటు ఈయన ఫోను. కైకలూరు నాగమణి గారికీ అంతేనంట. మా వాళ్ళకి తెలీదులెండి. మేమూ చెప్పం."

ఆ మాట విని వీణకి ఒక్కసారిగా అన్నీ అర్థమయ్యాయి. బెంచీలు, నీడ, కుళాయి, పెన్సిలు గీత, అన్నీ. ముగ్గురూ తిరిగొచ్చేసరికి యాభై నిమిషాలైంది. అప్పుడే వచ్చేశారేంటా అనిపించింది ఆవిడకి.

ఊరొచ్చాక ఉండబట్టలేక వెళ్ళి అడిగింది. "ఎందుకండీ ఇదంతా?"

ఉమాపతి గారు దొరికిపోయిన పిల్లాడిలా రిజిస్టరు మూసేశారు. "రిటైరైన ఏడు మా తమ్ముడు వాళ్ళు పార్కుకి తీసుకెళ్ళారండీ. 'అన్నయ్యా, నువ్విక్కడుండు, ఇప్పుడే వచ్చేస్తాం' అన్నారు. తొమ్మిది సంచులు, నాలుగు గంటలు. ముప్పై ఒక్క ఏళ్ళు నన్ను నిమిషానికొకరు ఏదో ఒకటి అడిగేవారు కదండీ? ఆ నాలుగు గంటల్లో ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. సాయంత్రం ఒకాయనొచ్చి, 'ఇక్కడెవరైనా కూర్చున్నారా అండీ' అన్నాడు. ఎంత సంతోషమేసిందంటే, కూర్చోమని చెప్పి విజయవాడ పాసింజరు టైము కూడా చెప్పేశా."

వీణ నవ్వింది. నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది.

డిసెంబరులో ఒక ఆదివారం, విజయవాడ దగ్గర కొత్తగా పెట్టిన చిన్న పార్కుకి అనుకున్నారు. వీణ వెళ్ళి "మిమ్మల్నీ తీసుకెళ్తాం" అంటే ఆయన కంగారుపడి, అలవాటు కొద్దీ అదే అడిగారు.

"సంచుల దగ్గర ఎవరుంటారండీ?"

"మొదటి గంట మీరు, తర్వాత మా ఆయన, ఆ తర్వాత నేను. ఛార్టు వేశాను, చూసుకోండి."

ఉమాపతి గారు ఆ కాగితం చాలాసేపు చదివారు. అందులో ఉన్నవి మూడే లైన్లు.

జయింట్ వీల్ మొదటి రౌండులో వీణ అత్తగారి పక్కన కూర్చుని కళ్ళు గట్టిగా మూసుకుంది. పైకి వెళ్ళాక తెరిచింది. కిందన బెంచీ మీద, ఐదు సంచుల మధ్య ఆయన చిన్నగా కనిపించారు. ఆయన చేసినట్టే చేద్దామని ఫోన్ తీసింది. ఎంగేజ్. రెండో రౌండులో చేసింది. ఎంగేజే. ఇవాళ సంచుల దగ్గర ఉమాపతి గారుంటారని తను చెప్పింది గూడెం మంగాదేవి గారొక్కరికే. ఆవిడ ఎంతమందికి చెప్పిందో మరి.

దిగి దగ్గరికెళ్ళేసరికి ఆయన చెవి దగ్గర ఫోన్, ఒళ్ళో చేగోడీలు. "ఆఁ, ఐదూ ఉన్నాయండీ, రెండుసార్లు లెక్కపెట్టా... నీడ బానే ఉంది నాగమణి గారూ..." అంటున్నవారు వీళ్ళని చూసి, ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టారు.

"తల తిరిగిందా అండీ?"

"కొంచెం తిరిగిందండీ," అంది వీణ. "బాగుంది."

"అయితే ఇంకో రౌండు తిరిగి రండి. అప్పుడే వచ్చేస్తే ఎలాగండీ? ఇంకా ముగ్గురు లైన్లో ఉన్నారు."