కాంతిని విడిచి కదలని కణం

పగలు హైటెక్ సిటీలో బ్యాంకుల సాఫ్ట్‌వేర్ బాగుచేస్తాను. మిగిలిన సమయంలో, అంటే ఆఫీసు దయతలచినప్పుడు, పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ. నా పరిశోధన ఒక వింత కణం మీద. చార్మ్ అనే రకం క్వార్కు, దాని ప్రతిక్వార్కు కలిసి కట్టుకున్న కణాల కుటుంబంలో దాదాపు ఇముడుతుంది గానీ, పూర్తిగా ఇమడదు. అసలది రెండు కణాలు వదులుగా అతుక్కున్న జంటేమోనని కొందరి అనుమానం. అది కాంతిని విడిచి రెండు తేలికైన కణాల్లో ఏదో ఒకటిగా మారుతుంది. ఏదిగా ఎంత తరచుగా మారుతుందో చెప్పగలిగితే దాని గుట్టు కొంత తెలుస్తుంది. ఆ నిష్పత్తే నా నాలుగో అధ్యాయం.

ఆ కుటుంబంలోని మామూలు కణమేనని లెక్కగడితే నా జవాబు ప్రయోగాల కొలతలతో చక్కగా కలిసింది. ఇక కావలసింది శుక్రవారంలోగా గైడ్ మేడమ్ సంతకం. లేకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. గడువు పొడిగింపులు మూడూ వాడేసుకున్నాను.

బుధవారం సాయంత్రం చందానగర్‌లోని ఇంటికి వెళ్తుంటే కొండాపూర్‌లో క్యాబ్ ఆగిపోయింది. అది రోజూ ఆగే చోటే. మేడమ్ ఫోన్ చేశారు. ఆవిడది కాకినాడ, తిట్టినా మర్యాద తగ్గదు.

"మీ కణం కాంతిని విసిరేసి కుర్చీలో అలాగే కూర్చుందాండీ?"

"అంటే మేడమ్?"

"తుపాకీ పేలిస్తే భుజాన్ని తన్నదా? బరువుల తేడా వల్ల వచ్చే శక్తి మొత్తం కాంతికే ధారపోశారు. వెనక్కి కదిలే కణానికి వాటా ఏదండీ?"

కాంతి శక్తిని లెక్కగట్టే ఆ ఫంక్షన్, అంటే కోడ్‌లోని ఆ చిన్న ముక్క, నేను ఎమ్మెస్సీలో పరమాణువుల కోసం రాసుకున్నది. పరమాణువు కాంతిని విడిచినప్పుడు కదలిక లెక్కలోకి రానంత స్వల్పం. ఇక్కడ అలా కాదు. పైగా ఆ శక్తిని దానితోనే రెండుసార్లు గుణించాలి కనుక తప్పు కూడా బాగా బలిసింది. నడుస్తున్న కోడ్‌ని ముట్టుకోకూడదన్నది మా ఆఫీసులో ఉన్న ఒకే ఒక్క మతం. దాన్ని శ్రద్ధగా ఇంటికి కూడా తెచ్చుకున్నాను.

"ఏంది సార్, గంత పరేషాన్ అయితున్నరు?" అన్నాడు డ్రైవర్.

"లెక్క తప్పింది. దిద్దితే మంచి జవాబు చెడిపోయేలా ఉంది."

"మంచిగున్నదాన్ని దిద్దుడెందుకు సార్? గట్లనే ఉంచుండ్రి."

ఇదే మాట మా మేనేజర్ ఇతనిలా సూటిగా చెప్పడు, ముప్పావుగంట మీటింగ్ పెడతాడు.

ల్యాప్‌టాప్ తెరిచి, ఆ ఫంక్షన్‌కి నకలు తీసి, అందులో ఒక్క వరుస మార్చాను. మదీనాగూడ దాటేసరికి నా జవాబు కొలతల హద్దు దాటి హాయిగా బయట నిలబడింది. గురువారం సెలవు పెట్టి అధ్యాయం ముగింపు తిరగరాశాను: మామూలు కణమనుకుంటే లెక్క కుదరడం లేదు, ఆ వదులు జంటను కూడా కలపాలి.

శుక్రవారం మేడమ్ మొత్తం చదివి పెన్ను తీశారు.

"పాత ఫంక్షన్ తీసేశారాండీ?"

"పక్కన పెట్టాను మేడమ్. నడుస్తోంది కదా అని..."

పెన్నుకి మూత పెట్టేశారు. ఆవిడ ఎదుటే ల్యాప్‌టాప్ తెరిచి పాత ఫంక్షన్‌ని చెరిపేశాను. అప్పుడు సంతకం పెట్టారు.