చూడనిది చెప్పని మా ఎదురింటి బాబాయి

ఫిబ్రవరి నెల, ఆదివారం. నీళ్ళు పట్టడం అయింది. ఇడ్లీలు పొయ్యి మీద పెట్టాను. ఎండు మిరపకాయలు మేడ మీద ఆరబోశాను, తొడిమలు తీయడం మిగిలింది. అప్పుడు ఎదురింటి పిన్ని మా గేటు పట్టుకుని నిలబడి, “అమ్మాయ్, మీ బాబాయి ఎంత పిలిచినా పలకట్లేదే” అంది. నేను వెళ్ళేసరికే ఆయన చేయి చల్లబడింది. నిద్రలోనే పోయాడు.

రక్తసంబంధం కాదు. నేను కాపురానికి నరసరావుపేట వచ్చిన ఏడాదే ఆయన గురజాల వైపు పల్లెలో పొలం అమ్ముకుని ఈ వీధికి వచ్చాడు. ఊరి గొడవల్లో ఆయన అన్నను చంపేశారని మాత్రం మాకు తెలుసు.

ఆయనకొక అలవాటుండేది. “బాబాయీ, పాలబ్బాయి వచ్చాడా?” అని అడిగితే, “హారను వినపడింది. మనిషిని నేను చూళ్ళా” అనేవాడు. వీధంతా నవ్వేవాళ్ళం. “ఈయన్ని సాక్షికి పిలిస్తే కేసు తెల్లారినట్టే” అని మావారు ఎగతాళి చేసేవారు. బాబాయి మాత్రం నవ్వేవాడు కాదు.

మా అమ్మాయి ఇంటరు కాగానే యూనివర్సిటీలో క్రిమినాలజీ, సైకాలజీ చదువుతానంది. “దొంగల చదువు ఏంది? ఆడపిల్లకి బీకాం లేదా?” అని మావారు కేకలేశారు. అరుగు మీద నుంచి బాబాయి అందుకున్నాడు. “ఏందల్లుడూ, దొంగతనమే నేర్చుకోవాలంటే మన వైపు ఫీజు లేకుండా నేర్పరా? మనం కొట్టుకుంటామని లోకమంతటికీ తెలుసు. ఎందుకు కొట్టుకుంటామో ఒక్క పిల్లనన్నా చదవనీవయ్యా!” మావారికి నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే ఒప్పుకున్నారు. మా అమ్మాయి చదువు ఆయన పెట్టిన భిక్ష.

పోయిన వేసవి సెలవుల్లో అది ఆయన అరుగు మీద కూర్చుని క్లాసు సంగతులు చెబుతోంది. లెక్చరరు గారు దొంగతనం వీడియో ఒకటి చూపించి, దొంగ చేతిలోని ఎర్ర సంచి గురించి ఏవో ప్రశ్నలు అడిగారట. పిల్లలు జవాబులు రాశారట. తీరా మళ్ళీ చూస్తే వీడియోలో సంచే లేదు.

వేరుశనక్కాయలు ఒలుస్తున్న బాబాయి చేయి ఆగింది. “లేని సంచి నీకూ కనపడిందా?”

“ఒట్టు తాతయ్యా, కనపడింది. ఆయన అడిగిన మాటలో సంచి ఉంది. అది నా కళ్ళతో చూసినట్టే తలలో కూర్చుంది.”

ఆయన కాయలు పక్కన పెట్టాడు. తర్వాత, మేమెవరం ఎన్నడూ అడగనిది చెప్పాడు. అన్నను నరికిన సాయంత్రం ఆసుపత్రి వరండాలో పెద్దలు కూర్చుని కేసులో ఎవరెవరి పేర్లు పెట్టాలో ఆలోచించారట. కొట్టినవాళ్ళతోపాటు అవతలి ఇంట్లో చదువుకున్నవాడి పేరు కూడా పెట్టడం అక్కడి ఆనవాయితీ. వాడు లోపలుంటే ఆ ఇల్లు లేవదు. ఆ ఇంట్లో డిగ్రీ చదివే కుర్రాడొకడున్నాడు.

“వాణ్ణి నువ్వు చూశావుగా, చూశావుగా అని పదిమంది పదిసార్లు అన్నారమ్మా. కోర్టుకెళ్ళేసరికి నాకు నిజంగానే కనపడ్డాడు. చొక్కా రంగు కూడా చెప్పా. పైకోర్టు వదిలేసేసరికి వాడి చదువు పోయింది. ఇప్పుడు పిడుగురాళ్ళలో సున్నం బట్టీల దగ్గర గుమాస్తా.” ఒళ్ళో పొట్టు దులుపుకుని అడిగాడు: “అంటే నేను అబద్ధం చెప్పలేదంటావా?”

మా అమ్మాయి తడబడింది. “మీరు కావాలని చెప్పలేదు తాతయ్యా. కానీ ఆయన అక్కడ లేరు.”

“బుర్ర తప్పు చేసిందంటావు. బుర్ర నాదేగా!”

ఆ వారమే ఉతికిన పంచె కట్టుకుని పిడుగురాళ్ళ బస్సెక్కాడు. సాయంత్రం తిరిగొచ్చాక పిన్ని అడగడం నేను విన్నాను.

“ఏమన్నాడు?”

“ఏమనలా. కుర్చీ వేశాడు. నేను చెప్పింది తల దించుకుని విన్నాడు.”

“మంచినీళ్ళన్నా ఇచ్చాడా?”

“ఇయ్యలా.”

కేసులున్న ఇళ్ళవాళ్ళు అక్కడ ఒకరింట ఒకరు మంచినీళ్ళు కూడా ముట్టరు. బాబాయి ఆ తర్వాత సరిగా తినలేదు. “చెప్పి మంచి పని చేశారు బాబాయీ” అన్నాను ఒకరోజు. “చెప్పానని నాకు తెలుసు. వాడు క్షమించాడో లేదో నేను చూళ్ళేదమ్మాయ్” అన్నాడు. ఆ సంగతి తేలకుండానే పోయాడు.

పిన్ని చెబితే మావారు బట్టీకి ఫోను చేసి కబురందించారు. దహనానికి ఆ మనిషి రాలేదు. పెద్దకర్మ రోజు మధ్యాహ్నం, భోజనాల బంతులు లేచాక, షామియానా బయట ఒకాయన నిలబడి ఉన్నాడు. తలంతా నెరిసింది, చెప్పుల మీద తెల్లటి సున్నం దుమ్ము. పిన్ని చూడగానే పోల్చుకుని లేచింది.

ముందు ఆయనే అన్నాడు. “ఎండన పడొచ్చానమ్మా. కాసిని మంచినీళ్ళియ్యి.”

నేను కదలబోతే పిన్ని చేయి పట్టి ఆపింది. తనే లోపలికి వెళ్ళి కూజాతో నీళ్ళూ, గ్లాసూ తెచ్చింది. మొదటి గ్లాసు ఆయన నిలబడే తాగేశాడు. ఇంకోటి అడిగి పుచ్చుకుని, ఖాళీగా ఉన్న అరుగు మీద కూర్చుని, నెమ్మదిగా తాగాడు. అది అయిపోయేదాకా పిన్ని కూజా పట్టుకుని పక్కనే నిలబడింది.