ముయ్యికి తిరిగిన మిషను

మా నాయన ఇంట్లో ఉండే మనిషి కాదు. కదిరిలో ఒక నూనె మిల్లులో ఫిట్టరు. మా ఊరేమో గార్లదిన్నె దగ్గర. ఎప్పుడో నెలకో, ఒక్కోసారి అంతకంటే ఆలస్యంగానో వచ్చి పోయేవాడు. వానలు మొహం చాటేసిన ఏళ్లలో మగవాళ్లు ఊరు విడిచి పనికి పోవడం మా పక్క మామూలే కాబట్టి ఎవరూ మా మీద ప్రత్యేకంగా జాలిపడేవాళ్లు కాదు. నాకు మాత్రం నా మీద చాలా జాలి ఉండేది. పక్కింటి పిల్లలను వాళ్ల నాయన తిడుతుంటే కూడా నాకు కుళ్లుగా ఉండేది. నన్ను తిట్టడానికైనా మా నాయన ఇంట్లో లేడే అని.

ఆయన చొక్కాకు ఎప్పుడూ గానుగచెక్క వాసన ఉండేది, ఎన్నిసార్లు ఉతికినా పోయేది కాదు. ఆయన తిరిగి పోయిన రోజు నేను ఆయన కప్పుకున్న దుప్పటి కప్పుకుని పడుకునేదాన్ని. అమ్మ ఏమీ అనేది కాదు. ఆ దుప్పటి మీద ఆమెకు కూడా కన్నుండేదని నాకు చాలా కాలం తర్వాత అర్థమైంది.

నాయనకు ఒక పిచ్చి. ఏ యంత్రం కనపడినా దానికి ఇత్తడి రేకు ఎక్కడ బిగించారా అని వెతికేవాడు. మిల్లులో నూనె తీసే యంత్రానికి ఒకటి, బావి మీది ఆయిలింజనుకు ఒకటి, దర్జీ కుట్టుమిషనుకు ఒకటి, పెళ్లిళ్లలో వెలిగించే గ్యాసులైటుకు అడుగున చిన్నది ఒకటి. వాటి మీద ఎవరిదో పేరు, ఏదో ఊరు, ఒక నంబరు ఉండేవి. ఆ నంబరేమిటో మిల్లు మేనేజరు ఆయనకు చెప్పాడు. కొత్త వస్తువు కనిపెట్టిన మనిషికి సర్కారు ఇచ్చే హక్కు అది, పేటెంటు అంటారు, ఆ మనిషిని అడగకుండా ఇంకెవరూ ఆ వస్తువు చేయకూడదు, చేస్తే వాటా ఇచ్చుకోవాలి అని. నాయన ఇదంతా విని తనకు కావలసిన ముక్క ఒక్కటి ఏరుకున్నాడు.

"ఆ రేకు మీద పేరుండే మనిషి పనికోసరం యాడికీ పోడు. ఇంటికాడే కూచొని ఇంగోటి ఆలోచన చేస్తాంటాడు," అన్నాడు అమ్మతో.

"ఆయప్పకు పిల్లోళ్లుంటారా?" అనడిగింది అమ్మ.

"ఉండరా మరి. పక్కనే కూచోబెట్టుకొని ఉంటాడు."

అట్లా కనిపెట్టినవాళ్లలో చాలామందికి వాటా కాదు కదా పేరు కూడా దక్కలేదని పెద్దయ్యాక తెలుసుకున్నాను. అప్పుడు మాత్రం గ్యాసులైటు వెలిగితే చాలు, దాని వెనక ఎక్కడో ఒక ఇల్లు, అందులో కదలకుండా కూర్చున్న ఒక నాయన నాకు కనపడేవాడు. ఆ ఇంటి పిల్లలంటే నాకు ఎంత అసూయో చెప్పలేను.

ఆయన కనిపెట్టింది శెనక్కాయలు ఒలిచే మిషను. నూనెకు ఆడించే కాయలైతే ఎట్లా ఒలిచినా ఫర్వాలేదు, గింజ పగిలినా నూనె వస్తుంది. విత్తనానికి అట్లా కుదరదు. గింజ పైపొర గీసుకుపోయినా మొలవదు. మిల్లు యంత్రాలు ఇనుప పళ్లతో కొరికి పారేస్తాయి కాబట్టి విత్తనం కాయలు చేత్తోనే ఒలవాలి. వేసవి చివర్లో ఊళ్లో ఆడవాళ్లంతా ముయ్యి కలుపుకునేవాళ్లు. ముయ్యి అంటే కూలి లేని పని, ఈ రోజు మా ఇంట్లో అందరూ, రేపు మీ ఇంట్లో అందరూ. కాయల మీద నీళ్లు చిలకరించి, మెత్తబడినాక బొటనవేలితో నొక్కి ఒలిచేవాళ్లు. ఆ కాలమంతా అమ్మ అన్నం కలపడానికి ఎడమచేయి వాడేది.

నాయన ఒక సెలవులో అది చూశాడు. అంతకుముందు కూడా చూసే ఉంటాడు, ఆ సారి మాత్రం చూసి ఊరుకోలేదు. మళ్లీ వచ్చేటప్పుడు కదిరి నుంచి పాత బస్సు టైరు ముక్కలు మోసుకొచ్చాడు. మా ఊరి కమ్మరి కొలిమి దగ్గర కూర్చుని, అర్ధచంద్రంలా వంచిన జల్లెడ, దాని మీద ముందుకూ వెనక్కూ ఊగే ఒక పిడి, పిడికి అడుగున ఇనుప పళ్లకు బదులు టైరు ముక్కలు, ఇట్లా ఒకటి తయారు చేశాడు. మొదట కాయలు ఒలవకుండానే జారిపోయాయి. తర్వాత నలిగిపోయాయి. టైరు ముక్కలకు గాట్లు పెట్టాక, పిడి ఎత్తు మార్చాక, గింజ గింజలాగే కింద పడింది. సెలవు సెలవుకూ అదే పని కావడంతో ఆ మధ్యంతా ఆయన ఊరికి వచ్చినా మాకు దొరకలేదు. నాకు ఆ మిషను మీద చచ్చేంత కోపంగా ఉండేది.

అది బాగా పనిచేస్తుందని తేలిన రోజు నాయన అమ్మకు తన ఆలోచన చెప్పాడు. దీనికి పేటెంటు వస్తే మిల్లు పని మానేస్తాడు. ఇంటి పక్క రేకుల షెడ్డు వేసుకుని, కమ్మరిని కలుపుకుని ఇవే చేస్తాడు. నేను ఆ రాత్రే షెడ్డు ఎక్కడ వేయాలో నిర్ణయించేశాను. గుమ్మంలో కూర్చుంటే ఆయన కనపడాలి.

ఇక్కడే మా ఊరు తన పద్ధతి ప్రకారం తాను పోయింది. ఒలిచే కాలం వచ్చింది. ముయ్యిలో మనుషులు ఇంటింటికీ తిరిగినట్టే మిషను కూడా తిరిగింది. ఇయ్యమని అడగడం కూడా లేదు, ఈ రోజు ఎవరింట్లో పనైతే అది అక్కడ. పక్క ఊళ్ల వాళ్లు వచ్చి చూశారు. నాయన ఇంట్లో ఉంటే వాళ్లను కూర్చోబెట్టి జల్లెడ కంత ఎంత, టైరు ముక్క ఎంత అని కొలతలు కూడా చెప్పి పంపేవాడు. ఆయన లేకపోతే అమ్మ చెప్పేది. పేటెంటు అర్జీ మాత్రం ఎవరికి పెట్టాలో, ఎట్లా పెట్టాలో తెలియక రెండు మూడేళ్లు గడిచిపోయాయి.

చివరికి మేనేజరే బెంగళూరులో ఇట్లాంటి పనులు చూసే వకీలు ఒకాయన ఉన్నాడని చెప్పాడు. అప్పుడు మా పక్కింటి పెద్దాయన రంగంలోకి దిగాడు. ఈయన గట్టు తగాదాలో సొంత తమ్ముడి మీద ఏళ్ల తరబడి కోర్టుకు తిరిగి గెలిచిన మనిషి. గెలిచినప్పటి నుంచి తాను కూడా సగం వకీలునే అనుకునేవాడు.

"ఏమప్పా, ఒట్టి చేతుల్తో పోతావా? సాక్షులుండాల. నా కేసు ఎట్ల గెలిస్తిననుకుంటివి? మిషను నువ్వే చేసినావని, అది బాగా పనిచేస్తాదని సెప్పేటోళ్లు ఎంతమందుంటే కేసు అంత గట్టిగుంటాది," అన్నాడు.

నాయనకూ అది సబబుగానే తోచింది. మా పక్క ఎవరికైనా అట్లాగే తోస్తుంది. పెద్దాయన ఒక సాక్షి, కమ్మరి ఒక సాక్షి, చేత్తో ఒలిచి, మిషనుతో ఒలిచి రెండూ తెలిసిన మనిషి కాబట్టి అమ్మ ఒక సాక్షి. నన్ను వదిలిపెట్టే దిక్కులేక నన్నూ రైలెక్కించారు. మిషనును గోతాంలో కట్టి సీటు కింద పెట్టారు. అమ్మ పెట్టెలోని మంచి చీర కట్టుకుంది. దారి పొడవునా పెద్దాయన అందరికీ ఏం చెప్పాలో నేర్పిస్తూనే ఉన్నాడు.

వకీలు మంచివాడు, తెలుగు బాగానే వచ్చు. కాయలు పోసి తానే పిడి ఊపాడు. కింద పడ్డ గింజలను అరచేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు, ఒకటి నోట్లో వేసుకున్నాడు కూడా. చాలా బాగుంది అన్నాడు. నాయన మొహం చూడాలి అప్పుడు. తర్వాత వకీలు కాగితం ముందుకు లాక్కుని, దీన్ని మీ ఇంట్లో వాళ్లు కాక ఇంకెవరైనా చూశారా అని అడిగాడు.

మా వాళ్లు ఆ ప్రశ్న కోసమే అంత దూరం వచ్చారు. పెద్దాయన గొంతు సవరించుకునే లోపల అమ్మ లేచి నిలబడింది. మగవాళ్ల మధ్య నోరెత్తని మనిషి.

"సూడకపోయేదేంది సార్. రెండు మూడేండ్ల నుంచి మా ఊరంతా దీంతోనే ఒలుస్తాండారు. ముయ్యికి ఇంటింటికీ తిరుగుతాండాది. పక్క ఊర్లోళ్లు కొలతలు తీస్కపోయి సేసుకున్యారు. ఈయప్పే సెప్పినాడు కొలతలన్నీ. ఒగురు గూడా బాగలేదనలేదు."

వకీలు కలం కింద పెట్టేశాడు. జనం వాడుకలోకి పోయినదానికి పేటెంటు రాదని, అర్జీ పెట్టేదాకా ఎవరి కంటా పడకుండా ఉంచాల్సిందని మెల్లగా చెప్పాడు. ఆయనకు అది చెప్పడం ఇష్టం లేదని తెలుస్తూనే ఉంది.

"మేం వాడబట్టే కదా సార్ మంచిదని తెలిసింది? ఎవురూ సూడనిదానికి సాక్ష్యం ఎవురు సెప్తారు?" అన్నాడు పెద్దాయన.

"దాసిపెట్టేదెట్ల సార్? ఇంట్లో మిషను పెట్టుకొని, పక్కింటామె చేతులు పుండ్లు పడతాంటే సూస్తా కూసోమంటారా?" అంది అమ్మ. వకీలు మాకు కాఫీలు తెప్పించాడు.

స్టేషనులో పెద్దాయన ఇంకా ఓటమి ఒప్పుకోలేదు. "పదండప్పా మళ్లా పోదాం. మేమెవురూ దాన్ని కంటితో సూసినోళ్లమే కాదని సెప్తాం," అన్నాడు. నాయన నవ్వాడు. వద్దులే మామా అని ఆయన భుజం తట్టాడు.

హిందూపురం దాటినాక అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూనే, "నేనే పోగొడితి," అంది.

"నువ్వు సెప్పకుంటే నేను సెప్పేటోణ్ణి. దానికే కదా అందర్నీ పిల్సకపోయింది," అన్నాడు నాయన.

ధర్మవరంలో కదిరి బండి మారాలి. సెలవు అయిపోయింది కాబట్టి నాయన అక్కడే దిగిపోయాడు. మేము ఆ రైల్లోనే ముందుకు పోవాలి. ఆయన కిటికీ దగ్గరికి వచ్చి గోతాం జాగ్రత్త అని కమ్మరికి చెప్పాడు, నా తల మీద చేయి పెట్టాడు. రైలు కదిలేదాకా ప్లాట్‌ఫారం మీద నిలబడే ఉన్నాడు. అంత గట్టిగా నేను ఇంకెన్నడూ ఏడవలేదు. పెద్దాయన నాకు బెల్లం ఇచ్చాడు, నేను విసిరికొట్టాను.

ఆ ఏడు మళ్లీ ఒలిచే కాలం వచ్చింది, మిషను మళ్లీ ఇంటింటికీ పోయింది. దాన్ని ఇయ్యొద్దని నేను అమ్మతో పోట్లాడాను. అమ్మ వినలేదు. ఒక రోజు వీధి చివరింటామె మిషను తిరిగి తెచ్చిచ్చి, "నీ మొగుడు ఎంత మంచిపని చేసిపెట్టినాడమ్మా, ఆయప్ప మా ఇంట్లో మనిషి మాదిరే," అంది.

"అవునక్కా. అందరిండ్లలోనూ ఉండాడు. మా ఇంటికి వచ్చేదానికే ఆయప్పకు తీరిక లేకపాయ," అంది అమ్మ. గొంతులో కోపం లేదు.

కొన్నేళ్లకు కదిరి అంగళ్లలోనే ఆ మిషన్లు అమ్మకానికి వచ్చాయి. నాయన ఒక అంగట్లోకి పోయి పిడి ఊపి చూసి, టైరు ముక్కలను తిరగేసి బిగించారని అంగడాయనకు చెప్పి సరిచేయించి వచ్చాడట. ఇంటికొచ్చి ఇది నవ్వుతూ చెప్పాడు. మాకు నవ్వు రాలేదు.

నాకు పెళ్లైంది. కాలవ నీళ్లుండే ఊరని కణేకల్ పక్క ఇచ్చారు. నేను అత్తగారింటికి పోయిన మరుసటేడు ఆ నూనె మిల్లు మూసేశారు. నాయన పెట్టె సర్దుకుని ఇక ఎక్కడికీ పోనని ఇంటికి వచ్చేశాడని అమ్మ కబురు పంపింది. కబురు తెచ్చినాయన చెబుతుంటే నేను పొయ్యి దగ్గర ఉన్నాను. సంతోషించాలి కదా. నాకు ఏడుపొచ్చింది, పొగ అని చెప్పాను. నా చిన్నతనమంతా నేను ఎదురుచూసిన మనిషి ఇప్పుడు పొద్దస్తమానం ఆ ఇంట్లో ఉన్నాడు, ఆ ఇంట్లో నేను లేను.

అత్తగారింట్లో అడిగి, బతిమాలి, ఒకసారి పోగలిగాను. నాయన బస్సు దగ్గరికి ఎదురొచ్చి సంచీ అందుకున్నాడు. జుట్టు నెరిసింది. ఇల్లు చేరి గుమ్మం ఎక్కుతుండగా, అలవాటు లేని పని చేస్తున్నవాడిలా కొంచెం తడబడుతూ అడిగాడు.

"మళ్లా ఎప్పుడు పోతావు తల్లీ?"

"రేపు పొద్దున బస్సుకు నాయనా."

ఆయన సంచీ కింద పెట్టలేదు. పట్టుకునే నిలబడి, "ఇంగొక్క దినం ఉండు," అన్నాడు.

ఉండలేకపోయాను.